లైట్‌హౌస్ లేదు, లైబ్రరీ లేదు... మరి అలెగ్జాండ్రియాకు ఎందుకు వెళ్లాలి?

ప్రశ్న: డిసెంబరులో అమ్మానాన్నలతో కలిసి ఎనిమిది రోజులు ఈజిప్టు వెళ్తున్నాం. కైరో, లక్సర్, అస్వాన్ ఖాయం. అలెగ్జాండ్రియాకు ఒక రోజు తీయాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడుతున్నాం. లైట్‌హౌస్ కూలిపోయింది, లైబ్రరీ కాలిపోయింది, క్లియోపాత్రా ప్యాలెస్ సముద్రంలో మునిగింది, ఇంక చూసేదేముంది అంటున్నారు. అక్కడ తిరిగినవాళ్లు చెప్పగలరా?

సమాధానం:

తీయండి. కాకపోతే కైరోలో పొద్దున్నే ఎక్కించుకుని రాత్రికి దించేసే ప్యాకేజీలో మాత్రం వెళ్లొద్దు. రానూపోనూ ఆరు గంటలు దారిలోనే పోతాయి. మిగిలిన టైములో బస్సు ఆగిన చోటల్లా దిగడం, ఫొటో తీసుకుని ఎక్కడం. అలా వెళ్లొచ్చినవాళ్లే "అక్కడేం లేదండీ" అంటుంటారు. ఒక రాత్రి అక్కడ పడుకోండి.

నేను ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. సరుకు ఓడల మీద చాలాసార్లు ఆ రేవుకు వెళ్లాను. ఒకసారి మెషీన్ పార్టు ఒకటి రావడం ఆలస్యమై పదకొండు రోజులు అక్కడే ఉండిపోయాం. ఆ పదకొండు రోజుల్లోనే ఊరు కాస్త అర్థమైంది. అంతకుముందు నాకూ ఏమీ కనపడలేదు. తర్వాత మా ఆవిడను తీసుకెళ్లాను కాబట్టి టూరిస్టు కష్టాలు కూడా తెలుసు.

ఈ ఊరిని గుళ్లూ గోపురాల లెక్కన చూస్తే నిరాశే. లక్సర్ చూసొచ్చిన కళ్లకు ఇక్కడి రాళ్లు ఆనవు. దీన్ని రేవులాగా, సముద్రం వైపు నుంచి చూడాలి. ఇంజిన్ రూములో ఉండేవాడికి తీరం కనపడదు కదా, యాంకరేజ్‌లో ఆగినప్పుడు డెక్ మీదకొచ్చి చూశాను. గీత గీసినట్టు బల్లపరుపు నేల, దాని మీద వరసగా బిల్డింగులు. మన విశాఖపట్నం వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంతో దూరం నుంచే ఆనవాలు. ఇక్కడ కొండ కాదు కదా, చెప్పుకోదగ్గ గుట్ట కూడా లేదు. పైగా రేవు ముందు నీళ్లలో రాళ్ల వరస. బడిలో ఏడు వింతల్లో ఒకటని బట్టీపట్టిన లైట్‌హౌస్ ఎందుకు కట్టారో ఆ రోజు తెలిసింది. కొండ లేదు కాబట్టి కొండంత దీపం కట్టుకున్నారు.

మరి ఇలాంటి చోట రేవు ఎందుకు పెట్టినట్టు? నైలు నది తెచ్చే ఒండ్రుమట్టిని సముద్రపు ప్రవాహం తూర్పుకు నెట్టుకుపోతుంది. అలెగ్జాండ్రియా డెల్టాకు పడమటి అంచున ఉంది కాబట్టి రేవు పూడిపోదు. నది నోట్లో రేవు పెట్టుకుంటే ఏమవుతుందో కృష్ణా జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మచిలీపట్నం రేవు మేట వేసి ఓడలు దూరంగా ఆగాల్సి వచ్చింది. ఒకప్పుడు రేవుగా వెలిగిన ఘంటసాల ఇవాళ పొలాల మధ్య ఉంది. అలెగ్జాండరు ఎంచుకున్న చోటు మాత్రం 2,300 ఏళ్ల తర్వాత కూడా ఈజిప్టుకు పెద్ద రేవు.

ఆయన క్రీ.పూ. 331లో ఇక్కడికి వచ్చేటప్పటికి రకోటిస్ అనే చిన్న ఊరు ఉండేది. ఎదురుగా సముద్రంలో ఫారోస్ ద్వీపం, వెనక మారియోటిస్ సరస్సు. వీధులు ఎక్కడ రావాలో గీయడానికి సుద్ద దొరక్క బార్లీ పిండితో గీతలు గీశారని, ఎక్కడినుంచో పక్షుల గుంపు వచ్చి ఆ పిండంతా తినేసిందని ప్లూటార్కు అనే గ్రీకు రచయిత రాశాడు. అలెగ్జాండరు కంగారు పడితే, ఈ ఊరు ఎన్నో దేశాల వాళ్లకు అన్నం పెడుతుందని జ్యోతిష్కులు సర్దిచెప్పారట. బియ్యప్పిండి ముగ్గు పిచ్చుకలు తింటే పుణ్యమనుకునే మనకు ఆ టెన్షన్ ఎందుకో అర్థం కాదు లెండి. ఊరు లేవకముందే ఆయన వెళ్లిపోయాడు. క్రీ.పూ. 323లో బాబిలోనులో చనిపోయాక శవమై తిరిగొచ్చాడు. ఆయన సేనాని టాలమీ ఆ శవాన్ని దారి మళ్లించి ఈజిప్టుకు తెచ్చుకున్నాడు. తర్వాత అలెగ్జాండ్రియాలో పెట్టిన ఆ సమాధి ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు. "చూపిస్తా రండి" అని ఎవరైనా అంటే నవ్వి ముందుకు నడవండి.

ఇక ఊరి మ్యాపు ఒకసారి ఫోన్లో తెరవండి. ద్వీపం ఎక్కడా కనపడదు. ఆ టాలమీ, అతని తర్వాత అదే పేరుతో ఏలిన అతని వంశపు రాజుల కాలంలో ఒడ్డు నుంచి ఫారోస్ ద్వీపానికి పన్నెండు పదమూడు వందల మీటర్ల పొడవున గట్టు కట్టారు. గ్రీకుల కొలతలో ఏడు స్టేడియాల పొడవు కాబట్టి హెప్టాస్టాడియన్ అన్నారు. దాంతో ఒక సముద్రం రెండు రేవులైంది. గాలి ఎటు తిరిగినా ఏదో ఒక పక్క ఓడ నిలబెట్టుకోవచ్చు. శతాబ్దాల తరబడి ఆ గట్టుకు రెండు వైపులా ఇసుక చేరి చేరి వెడల్పాటి నేలైపోయింది. ఇప్పుడు మన్షియా నుంచి అన్ఫూషీ వరకు ఇళ్లు, బజార్లు, మసీదులు ఉన్నది ఆ నేల మీదే. పడమటి వైపు ఇవాళ్టి పెద్ద రేవు, మా ఓడలు ఆగేది అక్కడ. తూర్పు వైపు అర్ధచంద్రాకారంలో పాత రాచరేవు, ఇప్పుడక్కడ చేపల పడవలే ఎక్కువ. "ఏమీ మిగల్లేదు" అనేవాళ్లు టీ తాగుతూ కూర్చునేది కూడా ఆ గట్టు మీదే!

అందుకే మీ మొదటి సాయంత్రం కొత్త లైబ్రరీ దగ్గర మొదలుపెట్టి సముద్రం పక్కనే సాగే కార్నీష్ అనే రోడ్డు మీద కైత్‌బే కోట దాకా వెళ్లండి. నాలుగైదు కిలోమీటర్లు. అమ్మానాన్నలు సగంలో టాక్సీ ఎక్కొచ్చు. మీ కుడిచేతి వైపు నీళ్లలో ఐదారు మీటర్ల లోతున టాలమీల రాజభవనాల నేల ఉంది. భూకంపాలకు ఆ ఒడ్డంతా కిందికి దిగిపోయింది. 1990ల్లో ఫ్రెంచి పరిశోధకుడు ఫ్రాంక్ గోడియో బృందం నీటి అడుగున ఆంటిరోడోస్ ద్వీపాన్ని, పాత రేవు గట్లను కొలిచి మ్యాపు గీసింది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, నిజమే. నీళ్ల కింద ఏముందో తెలిసి నడవడం వేరుగా ఉంటుంది.

నడక ఆగే కోట ఉన్న చోటే లైట్‌హౌస్ ఉండేది. క్రీ.పూ. 280 ప్రాంతంలో రెండో టాలమీ కాలంలో పూర్తయింది. కింద చదరం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. ఎత్తు 100 మీటర్లకు పైనే. నాకు నచ్చిన కథ దాన్ని కట్టించిన సోస్ట్రాటస్‌ది. తన పేరు రాతి మీద చెక్కించి, దాని మీద సున్నం పూసి, పైన రాజు పేరు రాయించాడట. కొన్నాళ్లకు సున్నం రాలింది, రాజు పోయాడు, ఇంజనీరు పేరు మిగిలింది. ఈ కథ ఇంజిన్ రూములో ఎవరికి చెప్పినా ఇంకోసారి చెప్పమనేవాళ్లు.

అది ఒక్కసారిగా కూలలేదు. దాదాపు పదహారు వందల ఏళ్లు నిలబడి, 956, 1303, 1323 భూకంపాలకు కొంచెం కొంచెంగా పోయింది. 1349లో మళ్లీ వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా లోపలికి అడుగుపెట్టలేని శిథిలాన్ని చూశానని రాశాడు. 1477లో సుల్తాను కైత్‌బే ఆ చోటే కోట మొదలుపెట్టాడు. కోటలో అక్కడక్కడా కనిపించే ఎర్ర గ్రానైటు ముక్కలు లైట్‌హౌస్‌వే అంటారు. మిగతా రాళ్లు పక్కనే సముద్రంలో ఉన్నాయి. 1990ల మొదట్లో కోటను అలల నుంచి కాపాడటానికి కాంక్రీటు దిమ్మెలు పడేస్తుంటే, కింద శిల్పాలున్నాయని గొడవైంది. 1994లో జాన్ ఈవ్ ఆంపరర్ నాయకత్వంలో ఫ్రెంచి పురావస్తు బృందం దిగి వేల సంఖ్యలో రాళ్లు, స్ఫింక్సులు, విగ్రహాలు లెక్కపెట్టింది. అలా బయటికి తీసిన టాలమీ రాజు భారీ విగ్రహం ఇప్పుడు కొత్త లైబ్రరీ ముందు నిలబడి ఉంది. చాలామంది దాని పక్కనుంచే వెళ్తారు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా.

లైబ్రరీ సంగతి. పాతది ఒక్క రాత్రిలో కాలిపోయిందనేది సినిమా కథ. క్రీ.పూ. 48లో జూలియస్ సీజరు రేవులో ఓడలు తగలబెట్టినప్పుడు మంటలు ఒడ్డుకు పాకి కొన్ని పుస్తకాలు పోయాయి. అంతకు వందేళ్ల ముందే ఎనిమిదో టాలమీ పండితులను వెళ్లగొట్టాడు, తర్వాతి పాలకులు పెద్దగా పట్టించుకోలేదు. దానికి అనుబంధంగా ఉన్న సెరాపిస్ గుడిని క్రీ.శ. 391లో క్రైస్తవులు కూల్చారు. అరబ్బులు పుస్తకాలను స్నానాల గదుల్లో పొయ్యిలోకి వాడారన్న కథ అరబ్బులు వచ్చిన ఐదారు వందల ఏళ్లకు పుట్టింది, దాన్ని చరిత్రకారులు నమ్మరు. బడ్జెట్ లేక చచ్చిన లైబ్రరీలు మనకూ తెలుసు కదా.

బతికున్నప్పుడు మాత్రం దాని దర్జా వేరు. రేవుకు వచ్చిన ప్రతి ఓడనూ సోదా చేసి, పుస్తకాలుంటే లాక్కుని, నకలు రాయించి, ఆ నకలునే ఓనరుకు ఇచ్చేవాళ్లని, అసలు ప్రతి మీద "ఓడల నుంచి వచ్చినది" అని గుర్తు వేసేవాళ్లని వైద్యుడు గాలెన్ రాశాడు. మా రోజుల్లో కస్టమ్స్ వాళ్లు క్యాబిన్లు వెతికింది సిగరెట్ల కోసం. ఆ లైబ్రరీకి అధిపతిగా చేసిన ఎరటోస్తనీసు భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. మీరు అస్వాన్ వెళ్తున్నారు కాబట్టి ఇది మీకు సరిగ్గా సరిపోతుంది. ఎండాకాలంలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు మధ్యాహ్నం అస్వాన్‌లో నీడ దాదాపు పడదు. అదే సమయంలో అలెగ్జాండ్రియాలో సూర్యుడు నడినెత్తికి వృత్తంలో యాభయ్యో వంతు పక్కకు ఉంటాడు. అంటే రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభైతో హెచ్చిస్తే భూమి చుట్టుకొలత వచ్చేస్తుంది. ఆయనకు రెండున్నర లక్షల స్టేడియాలు వచ్చింది. మీ పిల్లలుంటే రెండు ఊళ్లలోనూ కర్ర నిలబెట్టి చూపించండి, డిసెంబరులో నీడ రెండుచోట్లా పడుతుంది గానీ తేడా తెలుస్తుంది.

2002లో తెరిచిన కొత్త లైబ్రరీ నార్వే ఆర్కిటెక్టుల డిజైన్. సముద్రం వైపు వాలిన 160 మీటర్ల గుండ్రటి పళ్లెంలా ఉంటుంది, బయట అస్వాన్ గ్రానైటు గోడ మీద ప్రపంచ లిపుల అక్షరాలు చెక్కారు. మన తెలుగు అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టి ఎండకు సగంలోనే ఆపేశాను. లోపల రీడింగ్ హాలు మెట్లు మెట్లుగా దిగుతుంది. తప్పకుండా లోపలికి వెళ్లండి. తెరిచే రోజులు, వేళలు ముందే చూసుకోండి.

రెండో రోజు ఉదయం కోమ్ ఎల్ షొకాఫా. ఊళ్లో ఒక్కటే చూస్తామంటే నేను చెప్పేది ఇదే. 1900లో ఒక గాడిద నేల కుంగి గోతిలో పడితే బయటపడిన భూగర్భ సమాధులివి. రెండో శతాబ్దానివి. దాదాపు వంద మెట్లు గుండ్రంగా దిగాలి. మధ్యలో బావిలాంటి ఖాళీ, శవాలను తాళ్లతో అందులోంచి దించేవాళ్లు. లోపల గోడల మీద ఉన్న బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. నక్క తల ఉన్న ఈజిప్టు దేవుడు అనూబిసుకు రోమను సైనికుడి కవచం తొడిగారు. పక్కన గ్రీకు పాములు. బతికి ఉండగా మూడు జాతులు పక్కపక్కన ఉన్న ఊళ్లో, చచ్చాక ఏ దేవుడికీ కోపం రాకుండా జాగ్రత్తపడినట్టుంది. ఇంకో గదిలో రాతి అరుగులున్నాయి. చనిపోయినవాళ్ల కోసం వచ్చిన బంధువులు అక్కడే కూర్చుని భోజనం చేసేవాళ్లు. తిన్న కుండలూ మూకుళ్లూ ఇంటికి తీసుకెళ్లకూడదని అక్కడే పగలగొట్టేవాళ్లట. "పెంకుల దిబ్బ" అన్న పేరు అలా వచ్చిందంటారు. కర్మకాండలో కుండ పగలగొట్టే మనకు ఇది వింతగా అనిపించదు.

అక్కడికి దగ్గర్లోనే పాంపే స్తంభం. రోమను సేనాని పాంపేకు దీంతో ఏ సంబంధమూ లేదు, క్రూసేడర్లు తప్పుగా పెట్టిన పేరు అతుక్కుపోయింది. తిరగబడిన ఊరిని నెలల తరబడి ముట్టడించి లొంగదీసిన డయోక్లీషియన్ చక్రవర్తి పేరిట సుమారు క్రీ.శ. 300లో నిలబెట్టారు. మొత్తం దాదాపు 27 మీటర్లు, అందులో 20 మీటర్లకు పైగా ఉన్న నడిమి కంబం ఒకే రాయి. అస్వాన్ నుంచి పడవ మీద వచ్చిన రాయి! దాన్ని ఎలా ఎత్తి నిలబెట్టారా అని క్రేన్లతో బతికిన నేను గంట సేపు చుట్టూ తిరిగాను. రక్తం తన గుర్రం మోకాళ్ల దాకా వచ్చేవరకు నరుకుతానని చక్రవర్తి ఒట్టు పెట్టుకుంటే, గుర్రం తడబడి శవం మీద మోకాలు ఆనించడంతో రక్తం అంటి, ఒట్టు తీరిందని ఆపేశాడట. జనం ఆ గుర్రానికి విగ్రహం పెట్టారని కథ. కూలగొట్టిన సెరాపిస్ గుడి ఇక్కడే ఉండేది. గ్రీకులూ ఈజిప్షియన్లూ కలిసి మొక్కడానికి టాలమీలు కొత్తగా తయారుచేసిన దేవుడు సెరాపిస్. అక్కడ దొరికిన నల్లరాతి ఎద్దు విగ్రహం గ్రీకో రోమన్ మ్యూజియంలో ఉంది. మా ఆవిడ దాన్ని చూసి చేతులు జోడించింది, నందీశ్వరుడే అనుకుని. ఆ మ్యూజియం 2005 నుంచి మూసి ఉండి, 2023 అక్టోబరులో తెరిచారు. పాత బ్లాగుల్లో "మూసేశారు" అని ఉంటే పట్టించుకోవద్దు.

కోమ్ ఎల్ దిక్కా దగ్గర చిన్న రోమను నాటకశాల, దాని పక్కన ఇరవై దాకా తరగతి గదులు పోలండ్ బృందం తవ్వకాల్లో బయటపడ్డాయి. మాస్టారి ఎత్తు కుర్చీ, చుట్టూ పిల్లల బెంచీలు రాతిలో అలాగే ఉన్నాయి. అరగంట చాలు. మొంతజా తోటలు టైముంటేనే.

మనకు ఈ ఊరితో పని లేదనుకోవద్దు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి కదా, వాటిలో పదమూడో దానిలో వచ్చే "తురమాయ" అనే యవన రాజు అలెగ్జాండ్రియా నుంచి పాలించిన రెండో టాలమీ. తర్వాత రెండో శతాబ్దంలో ఇదే ఊళ్లో కూర్చుని, రాజులతో సంబంధం లేని ఇంకో టాలమీ ప్రపంచ భూగోళం రాస్తూ మన తీరాన్ని మైసోలియా అని, ఒక ఊరిని కొంటకొస్సీల అని రాశాడు. అదే ఘంటసాల అని పండితుల మాట. ఈజిప్టు గ్రీకు వ్యాపారి ఒకడు అంతకుముందే మన తీరాన్నే మసాలియా అంటూ, అక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని రాసి పెట్టాడు. ఇండియా సరుకు ఎర్రసముద్రం దాకా ఓడలో, అక్కణ్నుంచి ఒంటెల మీద, తర్వాత నైలు పడవల్లో అలెగ్జాండ్రియా గిడ్డంగికి చేరేది. నూటికి ఇరవై ఐదు సుంకం! కేరళ ముజిరిస్ రేవు నుంచి వచ్చిన ఓడ సరుకు అప్పుపత్రం ఒకటి వియన్నాలో ఇప్పటికీ ఉంది. సరుకుల కాగితాల మీద సంతకాలు పెట్టి పెట్టి అలసిన నాకు, పద్దెనిమిది వందల ఏళ్లనాటి కాగితం చదివితే చుట్టాల్ని చూసినట్టైంది.

ఇక డిసెంబరు గురించి. అక్కడ ఆ నెలలో తుఫానులొస్తాయి. మన రైతులకు కార్తెలున్నట్టు వాళ్ల జాలర్లకు తుఫానుల పంచాంగం ఉంది, ఒక్కోదానికీ పేరు, రావాల్సిన తేదీ. నవంబరులో వచ్చేదాన్ని "మక్నసా" అంటారు, అంటే చీపురు. డిసెంబరులో "కాసిం". తుఫానును వాళ్ల భాషలో "నవ్వా" అంటారు గానీ నవ్వొచ్చేలా ఏమీ ఉండదు. అలలు కార్నీష్ గోడ దాటి రోడ్డు మీద పడతాయి. విండ్‌చీటర్, జారని బూట్లు తప్పనిసరి. వానపడే రోజైతే నడక మానేసి మ్యూజియం, లైబ్రరీ పెట్టుకోండి. సముద్రం ఈ ఊరికి చేసినది తక్కువేం కాదు. క్రీ.శ. 365 జూలై 21న సునామీ వచ్చి ఓడల్ని ఇళ్ల కప్పుల మీద కూర్చోబెట్టింది.

రైలు కైరో రాంసెస్ స్టేషన్ నుంచి రెండున్నర, మూడు గంటలు. ముందు సీదీ గాబర్ వస్తుంది. చాలామంది అక్కడే దిగుతారు, వాళ్లను చూసి దిగేయొద్దు. మీ హోటల్ పాత ఊళ్లో ఉంటే చివరి స్టేషన్ దాకా కూర్చోండి. కోట, సమాధుల్లాంటి చూసే చోట్ల టికెట్ కౌంటర్లలో చాలాచోట్ల నగదు తీసుకోవడం లేదు, కార్డు ఉంచుకోండి. చేపల హోటల్లో ఐసు మీద పరిచిన చేపల్ని మనమే ఎంచుకుంటే తూచి వండుతారు. ధర కిలోకి. తూకం మన కళ్ల ముందే వేయించి, మొత్తం ఎంతవుతుందో అడిగి కాగితం మీద రాయించుకోండి. నేను అడగలేదు, ముగ్గురం తిన్న భోజనానికి ఎనిమిదిమంది బిల్లు కట్టాను. గోధుమ పొట్టు అద్ది నిప్పుల మీద కాల్చిన చేప, వేయించిన ఉల్లిపాయతో గోధుమరంగు వచ్చే సయాదియా అన్నం అడగండి. కారం తక్కువ, మన ఊరగాయ ఒక చిన్న సీసా జేబులో పెట్టుకుంటే బతికిపోతారు. అమ్మగారు శాకాహారమైతే ఫూల్ (ఉడికించిన బీన్స్), తామియా (బీన్స్ వడలు), కొషరీ (అన్నం, పప్పు, మాకరోనీ కలిపింది) ఎక్కడైనా దొరుకుతాయి.

అమ్మానాన్నల మోకాళ్లు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. కష్టమైతే షొకాఫా మెట్లు వాళ్లకు వద్దు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. పైన నీడలో కూర్చోబెట్టి మీరు త్వరగా చూసి రండి. మీకు ఇంకో పూట మిగిలితే పడమటి వైపు వంద కిలోమీటర్ల పైన ఎల్ అలమైన్ ఉంది. 1942 యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం, అందులో దహనం చేసిన 600 మందికి పైగా సైనికుల పేర్లతో ప్రత్యేకంగా ఒక స్మారకం ఉంది. చదువుకుంటూ వెళ్తే సింగులు, రాములు, మన దేశం పేర్లే. కారు మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, అక్కడ ఆగే గంట కూడా కలిపి రేటు చెప్పమనండి.